జప్తు ఇంట్లో పొదుగుకోడి

ఇల్లు జప్తయిందని డప్పు కొట్టి చాటిన రోజు లచ్చయ్యకు బువ్వ దిగలేదు. బ్యాంకులో అప్పు చేసింది ఇంటి ఓనరు వెంకటేశ్వర్‌రావు. కట్టనిదీ ఆయనే. ఇజ్జత్ పోయింది మాత్రం కిరాయికున్న లచ్చయ్యకు. భైంసా జిన్నింగు మిల్లులో పత్తి బోరాలు మోసే మనిషి. ఎన్నడూ ఎవరిచేతా వెళ్ళిపొమ్మనిపించుకోలేదు.

వేలంలో ఇల్లు బెల్లం వ్యాపారి పర్శరాములు కొన్నాడు. ఇల్లు స్వాధీనం చేయించే కోర్టు అమీనును వెంటబెట్టుకొని పొద్దున్నే వస్తానని, ఇల్లు ఖాళీ చేయమని కబురు పంపాడు.

వాళ్ళు రాకముందే పోదామని లచ్చయ్య ఎడ్లబండి మాట్లాడాడు. మంచం, గిన్నెలు, జొన్నల బస్తా బండెక్కాయి. భార్య బాలవ్వ మాత్రం పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. ఆమె పక్కన గంపలో కోడి పొదుగు మీద ఉంది.

"లే, పోదాం."

"నేను రాను. పొదుగుకోడిని కదిలిస్తే గుడ్లన్ని మురిగిపోతయి."

"ఇల్లే పోతాంటే నీకు కోడి ఫికరా?"

"ఇల్లు మనది గాదు. కోడి మనది."

లచ్చయ్య వంగాడు. గంప ఎత్తబోతే కోడి చెయ్యి పొడిచింది.

అంతలో అమీను, పర్శరాములు వచ్చారు. పర్శరాములు చేతిలో కొత్త తాళం ఉంది. లోపల పెనం మీద రొట్టె పొంగుతోంది.

"ఖాళీ చేస్తున్నరు సారూ. అగో, బండి చూడుండ్రి," అన్నాడు పర్శరాములు.

అమీను బండిని చూశాడు, పొయ్యిని చూశాడు. "అవ్వా, పోతున్నరా, ఉంటున్నరా?"

"కోడి లేసేదాంక నేను లేవ."

అమీను నవ్వు ఆపుకున్నాడు. "సేటూ, ఇల్లు ఖాళీగుంటే తాళమేసి చాబీ నీ చేతుల పెట్టేటోన్ని. మనుషులున్నరు. కిరాయిదార్లను ఎల్లగొట్టుమని నాకు ఆర్డరు లేదు. వాళ్ళతోని సహా కొన్నవనుకో. ఇగ కిరాయి నీకిస్తరు. పొమ్మనాల్నంటే కోర్టుల కేసేసి గెలువు."

"గీ ముచ్చట నాకెవ్వలు చెప్పలేదేంది సారూ?" అన్నాడు లచ్చయ్య.

"ఎవ్వలనన్న అడిగినవా? బండి కట్టుకున్నవు. జర ముందు పోయుంటే ఇల్లు నీ అంతల నువ్వే ఇడిసినట్టు అయ్యేది."

"ఒక్క కోడికి నా ఇల్లు ఆగాల్నా!" పర్శరాములు గొణిగాడు.

"కూసో సేటూ, రొట్టె తిను," అంది బాలవ్వ. "కిరాయి నీ దుకాణంకాడికే తెచ్చిస్తం."

పర్శరాములు చెప్పులు విడిచాడు. తర్వాత తాళం జేబులో వేసుకొని కూర్చున్నాడు. "కారం జర ఎక్కువెయ్యి," అన్నాడు.

లచ్చయ్య మంచం భుజాన పెట్టుకొని లోపలికి వచ్చాడు.

"ముందుగాల జొన్నల బస్త దించయ్యా," అంది బాలవ్వ. "కోడి ఆకలికున్నది."