పోలిక కోసం ఉంచిన ఇల్లు

మా వీధి చివర స్పాస్కా ఇంటికీ వెనెటా ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఇద్దరూ జున్ను ఫ్యాక్టరీలో పక్కపక్కన నిలబడి పనిచేసినవాళ్ళు. అది మూతపడింది, భర్తలు పోయారు, పిల్లలు లేరు. దాన్యూబ్ నది మీంచి వచ్చే చలికి మా ఊళ్ళో ముసలివాళ్ళందరూ పొయ్యి రాజేసుకుని, ఆ పొగకే దగ్గుతూ ఉంటారు. వీళ్ళూ అంతే.

ఆ ఏడు రాజధాని సోఫియా నుంచి ఒక సేవాసంస్థ వచ్చింది. ఇంట్లోకి పొగ వదలని కొత్త ఇనప పొయ్యిలు ఉచితంగా ఇస్తామన్నారు. అయితే ముందు సగం ఇళ్ళకే. మిగతా వాళ్ళు రెండు చలికాలాలు ఆగాలి. పొయ్యి ఉన్నవాళ్ళ ఊపిరికీ లేనివాళ్ళ ఊపిరికీ తేడా కొలిచి చూపిస్తేనే దాతలు పక్క ఊళ్ళకూ ఇస్తారని సంస్థ పెద్ద రాదోస్తిన్ ఓపికగా వివరించాడు. మనిషి మంచివాడే. చీటీలు తీశారు. స్పాస్కాకు పొయ్యి వచ్చింది. వెనెటా ఇల్లు పోలిక కోసం మిగిలింది.

"పోనీలేవే, నీ పొయ్యి నాది కాదా" అంది వెనెటా.

అన్నట్టే ప్రతి ఉదయం అల్లిక పట్టుకుని స్పాస్కా ఇంటికి వచ్చేసేది. పొద్దుగూకేదాకా ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చుని ఊరందరినీ ఆడిపోసుకునేవారు. చలికాలం చివర సంస్థ తరఫున ఇలియానా అనే అమ్మాయి వచ్చి అందరిచేతా ఊపిరి కొలిచే గొట్టంలోకి ఊదించింది. ఇద్దరి ఊపిరీ ఒక్కలాగే ఉంది. ఊళ్ళో చాలా ఇళ్ళది ఇదే కథ. ఇరుగుపొరుగులు వెచ్చదనం పంచేసుకున్నారు.

రాదోస్తిన్ స్వయంగా ఇంటింటికీ తిరిగాడు. స్పాస్కా అతనికి కాఫీ ఇచ్చి, వెనెటా తన ఇంట్లో కూర్చోలేకపోతోంది బాబూ, అక్కడంతా పొగ, అని చెప్పింది.

"నాకూ బాధగానే ఉందమ్మా. కానీ ఇలాగైతే మా పొయ్యి వల్ల లాభమే లేదని తేలుతుంది. అప్పుడు పక్క ఊళ్ళకి ఒక్కటీ రాదు. ఆవిడ రావడం మానకపోతే మీ పొయ్యి ఇంకో ఇంటికి మార్చక తప్పదు."

మళ్ళీ మంచు పడగానే వెనెటా తలుపు తట్టింది. ఒంట్లో బాగోలేదంది స్పాస్కా. మర్నాడు చుట్టాలొస్తారంది. ఆ మర్నాడు వెనెటా గడప దగ్గరే నిలబడిపోయింది.

"సూటిగా చెప్పవే."

"నువ్వొస్తే పొయ్యి తీసుకుపోతారంట."

"తీసుకుపోతే ఇద్దరం దగ్గుదాం. ఇన్నేళ్ళూ దగ్గలేదూ?"

స్పాస్కా తలుపు వేసేసింది. ఆవిణ్ణి ఏమీ అనలేము. మా తలుపులూ ఆ చలికాలం అలాగే మూసుకున్నాయి.

జనవరిలో వెనెటాకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి ఆసుపత్రిలో చేర్చారు. కొలిచే గడువు దాటిపోతుందని ఇలియానా అక్కడికే గొట్టం తీసుకెళ్ళింది. వెనెటా ముక్కు దగ్గరి ఆక్సిజన్ తీసి ఊదింది. ఇంకొంచెం గట్టిగా ఊదు పెద్దమ్మా అని తానే అడిగానని, ఆ పిల్ల తర్వాత రొట్టెల దుకాణంలో ఏడుస్తూ చెప్పింది. ఏడ్చినా, వచ్చిన అంకె మాత్రం పంపించింది.

ఈసారి తేడా దాతలు మెచ్చేంతగా వచ్చింది. వసంతంలో మిగిలిన ఇళ్ళకు పొయ్యిలు దించారు. వెనెటా బతికి ఇంటికొచ్చింది గానీ, పెరటిదాకా నడవాలంటే రెండుసార్లు ఆగాల్సి వచ్చేది. స్పాస్కా జున్ను పెట్టి కాల్చిన బానిత్సా రొట్టె పళ్ళెం నిండా తెచ్చి గేటు దగ్గర నిలబడింది. వెనెటా పళ్ళెం అందుకుంది.

"లోపలికి రమ్మననా? రాదోస్తిన్‌ని అడిగొచ్చావా?"

స్పాస్కా వెనక్కి తిరిగింది. సాయంత్రానికి పళ్ళెం కడిగి గోడ మీద పెట్టి ఉంది. మా దగ్గర పళ్ళెం ఖాళీగా తిప్పి పంపరు. ఒక్క యాపిల్ అయినా వేస్తారు. అందులో ఏమీ లేదు.

వేసవిలో రాదోస్తిన్ దాతలను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరు ముసలమ్మలనూ పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీయించాడు. కొంచెం దగ్గరికి జరగండమ్మా, నవ్వండి, అన్నాడు. జరిగారు. దాతల్లో ఒకావిడ ఎలా ఉందమ్మా పొయ్యి అని వెనెటాను అడిగింది.

"బాగుంది. నా వల్లే ఇంకో ఇరవై ఊళ్ళకి వస్తున్నాయంటగా" అంది వెనెటా.

ఆ దాత చెమర్చిన కళ్ళతో వెనెటా చేయి పట్టుకుంది. కార్లు కదిలాక ఇద్దరూ ఎవరింట్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు.