మొగిలి తాత గేటు

వాసంతి అక్క వాళ్ల పెరట్లో రైలు తిరుగుతుంది. తార్నాకలో నేను అద్దెకుంటున్న గది కిటికీ ఆ పెరటి వైపే ఉంటుంది. పట్టాలు, ఇంజను, మూడు డబ్బాలు అక్క భర్త శామ్యూల్ అన్నవి. పట్టాల పక్కన కనిపించేదంతా అక్క చేతిపని.

అక్క యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తుంది. సాయంత్రం వచ్చి పెరటి మెట్ల మీద కూర్చుని, ఆ బొమ్మ రైలు పక్కన పెట్టడానికి చిన్న చిన్న ఇళ్లు, సామాన్లు చేస్తుంది. లెక్క ఒకటే: అసలులో రెండడుగులుంటే ఇక్కడ ఒక అంగుళం. వాడేసిన మాత్రల పట్టీల మీది వెండి రేకు ఒలిచి, దువ్వెన పళ్ల మీద పెట్టి గోటితో రుద్దితే రేకుల కప్పు తయారయ్యేది. అగ్గిపుల్లలకు దారం అల్లి నులక మంచం చేసింది. వదులైందని విప్పి మళ్లీ అల్లింది. నేను క్లాసులయ్యాక క్యాంపస్‌లో సన్న కంకర ఏరుకొస్తే సగం పారేసేది.

"గింత పెద్దదా? గిది మనిషి మోకాలంత అయితది చెల్లె."

ఈసారి ఆమె చేసింది రైల్వే గేటు. వాళ్ల నాన్న మొగిలి తాత ఊరి దగ్గర గేట్‌మన్‌గా పనిచేశాడు. ఆయన రిటైరయ్యాక గేటు తీసేసి పట్టాల కింద నుంచి రోడ్డు వేశారు. గేటు గదినీ కూల్చేశారు. ఒక్క ఫొటో లేదు. చిన్నప్పుడు ఆయనకు సద్ది పట్టుకుపోయిన గుర్తుతోనే అక్క గది కట్టింది. వంగిన తలుపు, కిటికీ కింద నీళ్ల కుండ, గుమ్మం ముందు పచ్చజెండా పట్టుకున్న మనిషి. చీపురుపుల్లకు ఎరుపు, తెలుపు రంగులేసి గేటు కర్ర చేసింది. దాన్ని పైకి లేపి అంటించి, పట్టాల అంచున ఎడ్లబండి పెట్టింది.

"మా నాయిన గుర్తువడితే చాలు. ఇంకెవ్వలు మెచ్చకున్నా మంచిదే," అంది.

ఆదివారం చర్చి అయ్యాక తాత వచ్చాడు. కుర్చీ వేస్తే వద్దని నేల మీద గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

శామ్యూల్ అన్న రైలు నడిపాడు. అది మలుపు తిరిగి గేటు దగ్గరికి వస్తోంది.

"ఆపు అల్లుడా, ఆపు!" తాత చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంజను ఆయన అరచేతికి తగిలి ఆగింది.

"ఏమైంది మామా?"

"గేటు తెరిచి ఉన్నది, కండ్లు కనిపిస్తలేవా? ఎడ్లబండి పట్టాల మీదికొస్తున్నది. నా గేట్ల ఎన్నడన్న గిట్లయిందా?"

"బొమ్మ గద మామా."

"బొమ్మయితేంది? జెండ పట్టుకొని నిలవడ్డోడు నేనే గద!"

తిట్లు పడుతున్నా అక్క ముఖం వెలిగిపోయింది.

"నేనొచ్చినప్పుడల్ల గేటు తెరిచే ఉంటుండె నాయినా. గందుకే గట్ల అంటించిన."

"రైలు లేని టైముల రమ్మంటుంటి బిడ్డా నిన్ను. పట్టాల కాడ నువ్వు నిలవడితె నాకు పానం ఆగుతుండెనా?"

ఇన్నేళ్లుగా ఆ సంగతి అక్కకు తెలిసినట్టు లేదు. లోపలికి వెళ్లి బ్లేడు తెచ్చింది. జిగురు కోసి, పుల్ల మొదట్లో గుండుసూది గుచ్చి, పైకీ కిందికీ ఆడేలా చేసింది. ఎడ్లబండిని వెనక్కి జరిపింది. తాత పుల్ల కొనను చూపుడువేలితో నొక్కి పట్టాడు.

"ఇగ రానియ్యి."

ఇంజను దాటింది. తాత వేలు తియ్యలేదు.

"ఎత్తు మామా."

"ఆఖరి డబ్బ పోనియ్యవయ్యా, నీకేం తొందర?"

అది పోయాకే పుల్ల లేపాడు. అక్క ఎడ్లబండిని వేలితో మెల్లగా తోసింది. అది అవతలికి చేరేదాకా తాత పట్టాల మీద రెండు వైపులా చూస్తూనే ఉన్నాడు.