బియ్యం డబ్బాలో సీసా

"నా నీళ్ళ సీసా ఎవరు తీశారు?" ఫ్రిజ్ తలుపు పట్టుకుని మా వారు అడిగారు.

"నేనే నాన్నా, డోర్‌లో చోటు లేక," అంది హాసిని.

"పై అరలో పెట్టుకోండి," అన్నాను.

"అక్కడ పెడితే పళ్ళు జివ్వుమంటాయని తెలీదా నీకు?"

అంతటితో పోయేదే. తన సీసా ఉండే చోట పొడుగాటి సీసా ఒకటి ఆయన కంటపడింది.

"ఏంటిది?"

"జర్మనీ వైను నాన్నా. తియ్యగా ఉంటుంది."

"మీ బాబాయి ఉన్న ఇంట్లోనా?"

మా మరిది సుధీర్ బాపట్లలో మందు మాన్పించే ఆస్పత్రిలో ఉండి, వేసవిలో తెనాలి వచ్చాడు. అప్పటినుంచి మా దగ్గరే ఉంటున్నాడు, చుక్క ముట్టలేదు. ఏ వంటకానికి ఏ వైను నప్పుతుందో అతిథులకు చెప్పడం హైదరాబాదు హోటల్లో హాసిని ఉద్యోగం. ఈ తియ్యటి వైనుకు మన వంటలు జతచేసి చూపమన్నారట. అందుకే నా చేతి కూరల కోసం వచ్చింది.

"మింగను నాన్నా, నోట్లో తిప్పి ఉమ్మేస్తాను."

"ఉమ్మేసేదానికి జర్మనీ దాకా ఎందుకే, కిళ్ళీ చాలదూ?"

నవ్వలేకపోయాను. రొయ్యల కోసం రేపల్లె వెళ్ళిన సుధీర్ వచ్చే వేళయింది. సీసాను గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో అడుక్కి దూర్చాను. ఆ పూటకు బియ్యం అప్పటికే కడిగిపెట్టాను. ఇక ఆ డబ్బా ఎవరు తీస్తారులే అనుకున్నాను.

సుధీర్ రొయ్యలు తెచ్చి ఇచ్చాడు. నేనూ హాసినీ పెరట్లో వలుస్తూ కూర్చున్నాం.

"కారం తగ్గించకమ్మా. ఈ వైనులో తీపి వెనకాలే పులుపుంటుంది. మంటను అణుస్తుంది. మామిడికాయ రొయ్యలకు దీన్ని మించింది లేదు."

"మరి జిలేబీకి?"

"దాని ముందు ఇది చప్పబడిపోతుంది. పక్కన పెట్టే స్వీటు వైనుకన్నా తక్కువ తీపి ఉండాలి."

గిన్నె తీసుకుని వంటింట్లోకి వచ్చేసరికి సుధీర్ డబ్బా పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో సీసా. మోచేతుల దాకా బియ్యపు పిండి. పక్కనే సోల.

"రొయ్యల కూరకి ఆ అన్నం చాలదని ఇంకో సోల పోద్దామనుకున్నా వదినా," అన్నాడు నా వైపు చూడకుండా. సీసా గట్టుమీద పెట్టి, బియ్యం కొలిచి, కడిగి, పొయ్యి మీద పెట్టాడు. దాచకుండా అతనికే చెప్పి ఉంటే ఏమయ్యేదో.

భోజనాల దగ్గర హాసిని గ్లాసు తెచ్చుకోలేదు. మా వారు కూర బాగుందని రెండుసార్లు అన్నారు.

"అన్నయ్యా, రేపు పొద్దున్న బస్సుకి బాపట్ల వెళ్తున్నా," అన్నాడు సుధీర్, అన్నం కలుపుతూ. "ఆస్పత్రిలో మళ్ళీ చేరతాను."

"ఎందుకురా? నువ్వు తాగలేదుగా!"

"మూత సీలు తెంచాను. పెరటి తలుపు చప్పుడైంది కాబట్టి ఆగాను. హాసినినేం అనకండి, దాని ఉద్యోగం అది." హాసిని వైపు తిరిగాడు. "నువ్వు వైను రుచి చూడమ్మా, కూర వేడిమీదుండగానే చూడాలిగా. వదినా, నాకింకొంచెం అన్నం పెట్టు. పొద్దున్నే వెళ్ళాలి."