మొవ్వు కుళ్ళిన చెట్టు

పొద్దున్న ఏడయ్యేసరికి గునపం వదిన పనిలో ఉండేది. నేలలో పాతిన గునపం మొనకు కొబ్బరికాయను గుచ్చి, మూడు మెలికల్లో డొక్క వలిచేసి, కాయను కుప్ప మీదకు విసిరేది. ఆ పేరు పనిముట్టును చూసి పెట్టారో, ఆమె నోటిని చూసి పెట్టారో తోటలో ఎవరూ తేల్చి చెప్పలేదు.

ఒక రోజు అలాగే వలుస్తుంటే, పైనుంచి ముదురుకాయ ఒకటి తెగి, ఆమె నడినెత్తికి జానెడు ఎత్తున ఆగింది.

"ఆగవే, ఇది అవనీ," అంది ఆమె తల ఎత్తకుండానే. చేతిలోది వలవడం పూర్తయ్యాక పక్కకు జరిగింది. కాయ దబ్బున నేల మీద పడింది.

ఆ ప్రాంతంలో కొబ్బరికాయ మనిషి మీద పడదు. కింద ఎవరైనా ఉంటే, వాళ్ళు జరిగేదాకా గాలిలోనే ఆగుతుంది. కాయకు మూడు కళ్ళు. రెండు గట్టిగా మూసుకుపోయి ఉంటాయి, ఒకటే మెత్తనిది. మొలక బయటికొచ్చేది ఆ మెత్తటి కంట్లోంచే, కాయ చూసేదీ దాంతోనే. తల్లులు చెట్ల కిందే పసిపిల్లల్ని పడుకోబెట్టుకునేవారు. ఒకసారి పోస్ట్‌మాన్ భోంచేసి చెట్టు కింద కునుకు తీస్తే, రెండు కాయలు ఆయన పొట్ట మీద సాయంత్రం దాకా కాచుకున్నాయి. ఉత్తరాలు ఆలస్యమయ్యాయని ఆయన్ని నలుగురూ తిట్టారు గానీ, కాయల సంగతి ఎవరూ ఎత్తలేదు.

గునపం వదిన భర్త అదే తోటలో దింపు మనిషి, అంటే చెట్టెక్కి గెలలు కోసి దించేవాడు. అందరూ ఉడత అనేవారు. ఇరవై రెండేళ్ళుగా ఎక్కుతున్నాడు. పూగెలలో మొదలు దగ్గర గుండ్రంగా ఉండేవి ఆడపూలనీ, పైన గింజల్లా రాలిపోయేవి మగపూలనీ, పిందె ముదురుకాయ కావడానికి ఏడాది పడుతుందనీ, కాండం మీద ఒక్కో గాటూ ఒక్కో రాలిన మట్ట గుర్తనీ ఎవరడిగినా, అడక్కపోయినా చెప్పేవాడు.

ఒక సోమవారం అతను మేనేజరు దగ్గరికి వెళ్ళాడు.

"సార్, ఏడో వరుస చివరి చెట్టుకు మొవ్వు కుళ్ళింది. నడిమి ఆకు వాడి వేలాడుతోంది, కింద నిలబడితేనే కంపు కొడుతోంది. దాన్ని ఎక్కను."

మేనేజరు కిటికీలోంచి చూశాడు. "పచ్చగా ఉందిగదయ్యా!"

"పాత మట్టలు సార్ అవి. ప్రాణం పోయినా కొన్ని నెలలు పచ్చగానే ఉంటాయి. వేరే చెట్టయితే తల నరికినా పక్కనుంచి చిగురేస్తుంది. కొబ్బరికి కొమ్మల్లేవు, ఉన్నది ఒకటే మొవ్వు. అది కుళ్ళితే తలంతా వదులైపోతుంది. పట్టుకున్న మట్ట చేతిలోకి ఊడొస్తుంది."

"నువ్వు నాకు పాఠాలు చెప్పకు. ఎక్కితే ఎక్కు, లేకపోతే రేపట్నుంచి రాకు."

ఉడత ఎక్కాడు. పైకి చేరి మట్ట మొదలు పట్టుకుని ఒళ్ళు లాక్కోబోతే, నాలుగు మట్టలు ఒక్కసారే ఊడొచ్చాయి. మట్టలతో పాటే అతనూ కిందికొచ్చాడు. నడుము విరిగింది.

కాయలు ఆగుతాయి గానీ మనిషి ఆగడు.

వారం తిరక్కుండానే ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. 'పని వేళలో చెట్టు కింద నిద్రిస్తుండగా కొబ్బరికాయ నడుముపై పడి గాయమైనది. తప్పు కార్మికునిదే. ఉద్యోగం నుండి తొలగించడమైనది. క్వార్టరు ఖాళీ చేయవలెను.' కింద మేనేజరు, గుమాస్తా, మేస్త్రీ, డాక్టరు సంతకాలు. నలుగురూ కొబ్బరిచెట్ల నీడన దోగాడి పెరిగినవాళ్ళే.

గునపం వదిన ఆ కాగితం పట్టుకుని నాలుగు గడపలూ ఎక్కింది.

"కాయ పడిందా డాక్టరుగారూ? మీరు పుట్టి బుద్ధెరిగాక ఎవరి మీదైనా పడిందా?"

"ఆ మాట వాళ్ళు రాశారమ్మా. నేను నడుము మటుకే చూశాను."

గుమాస్తా తల దించుకున్నాడు. "ఊరుకో వదినా. ఏదో ఒకటి రాయాలిగా."

"ఏదో ఒకటి రాయాలంటే నిజం రాయకూడదా? సిరా ఎక్కువవుతుందా?"

రెండు నెలలు ఆమె అర్జీల మీద అర్జీలు పెడితే చివరికి లేబర్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, అతనూ ఆ ప్రాంతం వాడే. ఫైలు తిరగేశాడు. "అన్నీ సక్రమంగానే ఉన్నాయి కదమ్మా."

"అయ్యా, మీ ఇంట్లో కొబ్బరిచెట్టు ఉందా?"

"ఉంది."

"మీ పిల్లలు దాని కింద ఆడుకోరూ?"

"ఆడుకుంటారు."

"మరి?"

"అది వేరు. ఇది ఫైలు."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా పళ్ళు బిగబట్టుకుని, పడిన చోటు చూసి పొమ్మంది. తోటలో వలుపు ఆడవాళ్ళంతా పని ఆపి వెంట నడిచారు. ఏడో వరుస చివరి చెట్టు తలంతా రాలిపోయి స్తంభంలా నిలబడి ఉంది. మేనేజరు దాని పక్కచెట్టు కిందకు వెళ్ళి కాలితో నేల తట్టాడు.

"ఇదిగో సార్, సరిగ్గా ఇక్కడే పడుకున్నాడు."

అంతలో ఆ చెట్టు నుంచి కాయ ఒకటి తెగింది. వచ్చి మేనేజరు నెత్తికి జానెడు ఎత్తున ఆగింది. చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటుకొద్దీ అతను జరగబోయాడు.

"జరక్కండి సార్!" గునపం వదిన అరిచింది. "మీరు రాసిందే నిజమైతే అది ఈపాటికి పడుండాలి. నిలబడండి, చూద్దాం."

మేనేజరు ఎత్తిన కాలు మళ్ళీ అక్కడే దించాడు. జరిగితే కాయ అందరి ముందూ పడి, అంతసేపూ తన కోసమే ఆగిందని చెబుతుంది. జరక్కపోతే ఆగే ఉంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకున్నాడు. పావుగంటైంది, అరగంటైంది. మేనేజరు మెడ మీద చెమట ధారకట్టింది. కాయ వెంట్రుకవాసి కదల్లేదు.

"చూసిందే రాయండయ్యా," అంది గునపం వదిన మెల్లగా. "మీరు చూడనిది రాయమని నేను అడగట్లేదు."

ఇన్‌స్పెక్టర్ ఫైలు మోకాలి మీద పెట్టుకుని పాత వాక్యం కొట్టేశాడు. కొత్తది రాయడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆమెనే అడిగాడు, మొవ్వు అంటే ఏమిటని. ఉడత ముందే చెప్పాడా అని మేనేజరును అడిగితే, అతను కాయ కిందనుంచే అవునన్నాడు.

పది రోజులకు కొత్త కాగితం వచ్చింది. క్వార్టరు ఉంటుంది. నడుము కుదుటపడ్డాక నారుమడిలో మొలకలు చూసుకునే పని ఉడతదే. గునపం వదిన మంచం పక్కన కూర్చుని మొదట్నుంచీ చదివి వినిపించింది. అతని ముఖంలో సంతోషమేమీ కనపడలేదు.

"మొవ్వు కుళ్ళిందని రాశారా?" అన్నాడు.

"రాశారు."

"ఆ సంగతి ఎవరు చెప్పారని రాశారు?"

ఆమె ఆ వరుస వెతికి వేలు పెట్టింది. "'చెట్టు ఎక్కుటకు పనికిరాదని దింపు మనిషి ముందుగానే చెప్పియున్నాడు' అని."

ఉడత గోడ వైపు తల తిప్పుకున్నాడు. "ఆ ఒక్క ముక్కా మళ్ళీ చదువు," అన్నాడు.