వాగుకు అటూ ఇటూ గంగక్క

గురువారం పొద్దున ఇరమ్ టీ గ్లాసు పట్టుకుని ఇంట్లో తిరగడం మొదలుపెట్టి గంటయింది. వంటగదిలోంచి ముందుగదిలోకి, అక్కణ్ణుంచి వాకిట్లోకి, మళ్లీ వంటగదిలోకి. టీ ఎప్పుడో చల్లారిపోయింది. బూర్గంపాడు బస్టాండు వెనక వాళ్లది రెండు గదుల ఇల్లు. ముందుగదిలోనే తండ్రి షుకూర్ కుట్టుమిషను. ఆయన బడిపిల్లల చొక్కాలకు కాలర్లు కుడుతూ, కూతురు దాటిన ప్రతిసారీ కాళ్లు ముడుచుకుంటున్నాడు.

“కూసో బేటా. నువ్వు గిట్ల తిరుగుతుంటే నా కుట్టు వంకర పోతుంది,” అన్నాడు.

కూర్చుంటే ఏమవుతుందో ఇరమ్‌కు తెలుసు. ఎదురుగా లాప్‌టాప్ ఉంటుంది. అందులో ఎర్రరంగు పూసుకుని ఇరవై మూడు ఫోను నంబర్లు ఉంటాయి. రేపు సాయంత్రం ఐదింటిలోపు థీసిస్ యూనివర్సిటీకి చేరాలి. ఏడేళ్లయింది, గడువు రెండుసార్లు పొడిగించారు, ఇక ఒక్క పూట కూడా ఇవ్వరు.

ఇరమ్ చదివేది తులనాత్మక రాజకీయ శాస్త్రం. పేరు చూసి జడుసుకోనక్కర్లేదు. రెండు బీరపాదులు ఒకే మట్టిలో పెట్టి, ఒకే నీళ్లు పోసి, ఒకదానికి మాత్రం పేడ వేశామనుకోండి. కాపులో తేడా వస్తే అది పేడ వల్లే అంటాం కదా, అంతే. పండితులు దానికి నాలుగు వందల పేజీలు రాస్తారు, అది వేరే సంగతి.

ఇరమ్‌కు ఆ రెండు పాదులూ ఇంటి దగ్గరే దొరికాయి. ఇటు తెలంగాణలో తునికిగుంపు, అటు ఆంధ్రలో ఇప్పలగుంపు, మధ్యలో వాగు. రెండూ కోయగూడేలే. అవే పత్తిచేలు, అవే మిరప కూలిపనులు, అదే భాష, అవే కొలుపులు. రాష్ట్రం రెండయినప్పుడు గీత ఆ వాగు మీదుగా పోయింది. అన్నీ ఒకటే, సర్కారు ఒక్కటే వేరు. కాబట్టి సర్కారు మీద నమ్మకంలో తేడా కనిపిస్తే దానికి కారణం సర్కారే. ఈ ఆలోచన విని గైడు ఉదయశ్రీ మేడమ్ కుర్చీలో నిటారుగా కూర్చుంది. “ఇలాంటి జంట కోసం జనం దేశాలు తిరుగుతారు, నీకు పెరట్లోనే దొరికింది,” అంది.

నమ్మకాన్ని అంకెల్లో చెప్పమంటే ఎవరైనా తెల్లమొహం వేస్తారని ఇరమ్ చింతగింజలు పట్టుకెళ్లింది. చేతిలో ఐదు గింజలు పెట్టి, సర్కారును ఎంత నమ్ముతావో అన్ని ఈ గిన్నెలో వెయ్యి అనడం. తునికిగుంపులో తనే ఇల్లిల్లూ తిరిగింది. ఇప్పలగుంపు పని పాల్వంచలో పాఠాలు చెప్పుకునే స్నేహితుడు ప్రభాకర్ చేసిపెట్టాడు. రోడ్డు మీద పోతే రెండింటి మధ్య పద్దెనిమిది కిలోమీటర్లు. రెండు బస్సులు, ఒక ఆటో. ఇరమ్ వెళ్లిన రెండుసార్లూ అలాగే నడుము విరగ్గొట్టుకుని వెళ్లింది. అంత దూరాన ఉన్నవి వేరే ఊళ్లు కాక ఏమవుతాయి?

నిన్న మధ్యాహ్నం ఆఖరిసారి చూద్దామని రెండు ఊళ్ల జాబితాలూ కలిపి, ఫోను నంబర్ల వరుస సర్దింది. ఇరవై మూడు నంబర్లు రెండేసిసార్లు వచ్చాయి. మొదటిది గంగక్కది. ఇటు ఆమెకు నలభై ఎనిమిదేళ్లు, అటు యాభై రెండు. ఇటు ఒక్క గింజ వేసింది, అటు నాలుగు.

ఇరమ్ వెంటనే ప్రభాకర్‌కు ఫోన్ చేసింది.

“అవ్, వాళ్లు రెండు దిక్కుల ఉంటరు,” అన్నాడు ప్రభాకర్ తాపీగా. “ఇల్లు ఇటు, చేను అటు. అటు ఓటుంటేనే పోడు పట్టా నిలుస్తది. ఇటు కార్డుంటేనే బియ్యం. అందరికీ ఎరికే గదా.”

“నాకు చెప్పలేదేంది?”

“నువ్వు అడగలే. ఫారంల గూడ ఆ ప్రశ్న లేదు.”

ఆ ఫారం తయారుచేసింది ఇరమే. ఫోన్ పెట్టేసింది.

ఆమె శాస్త్రంలో ఇంతకు మించిన తప్పు లేదు. పోల్చే రెండూ ఒకదానికొకటి అంటకూడదు. ఒకే మనిషి రెండు గిన్నెల్లోనూ గింజలు వేశాక ఎవరిని ఎవరితో పోల్చాలి? ఉన్నది ఉన్నట్టు రాద్దామంటే ఇంకో గండం. థీసిస్‌తో పాటు జాబితా అంతా, పేర్లు మార్చినా ఊళ్ల పేర్లతో సహా, ఎవరైనా చూసుకునే చోట పెట్టాలి. ఆ వాగుకు అటూ ఇటూ ఉన్నవి రెండే గూడేలు. ఇరవై మూడు ఇళ్లు రెండు దిక్కులా ఉన్నాయని ఏ అధికారి కంటబడ్డా చాలు, ఒక దిక్కు కోసేస్తారు. బియ్యమన్నా పోతాయి, భూమన్నా పోతుంది.

ఇవన్నీ వాకిట్లోంచి వంటగదికి నడుస్తూ ఆలోచించింది. తల్లి లతీఫా రొట్టె పెడితే సగం తిని వదిలేసింది. పదకొండింటికి చటుక్కున కూర్చుని, నలభై ఆరు వరుసలు ఎంచుకుని చెరిపేసింది. మళ్లీ లెక్క కట్టింది. తేడా కాస్త తగ్గినా నిలబడింది. మేడమ్‌కు పంపింది.

సాయంత్రం మేడమ్ ఫోన్ చేసింది. “ఎంత శుభ్రంగా వచ్చిందో చూశావా? రేపు నేనే దగ్గరుండి పెట్టిస్తాను. కంగ్రాట్స్ ఇరమ్!”

షుకూర్ మిషను ఆపి కూతురి తల నిమిరాడు. ఇరమ్‌కు ఏడుపొచ్చింది. అది సంతోషం అనుకున్నారు ఇంట్లోవాళ్లు. తనూ అలాగే అనుకుందామని చూసింది గానీ కుదరలేదు. అటు ఇరవై మూడు ఇళ్లనూ కాపాడింది, ఇటు థీసిస్సూ గట్టెక్కింది, మరి ఒళ్లంతా ఈ గాభరా ఏమిటి? మంచి పని చేశామనుకున్నప్పుడు దాన్ని మెచ్చేవాళ్లు ఒకరు కావాలనిపిస్తుంది మనిషికి. శుక్రవారం పొద్దున్నే ఆటో ఎక్కి తునికిగుంపు పోయింది.

గంగక్క ఇల్లు గడియ పెట్టి ఉంది. పక్కింటి యశోద చేత్తో వాగు వైపు చూపించి, “అవతల ఉంది, పో,” అంది. ఇరమ్ చెప్పులు చేత పట్టుకుని దిగింది. మార్చి నెల, నీళ్లు మడమలు దాటలేదు. ఒడ్డెక్కి చింతచెట్ల మధ్య కాలిబాట పట్టుకుని పోతే ఇప్పలగుంపు మొదటి గుడిసె వచ్చేసింది. పది నిమిషాలు. పద్దెనిమిది కిలోమీటర్లని థీసిస్ మూడో అధ్యాయంలో మ్యాపుతో సహా రాసిన దూరం ఇది. ఇరమ్‌కు సిగ్గేసింది.

గంగక్క వాకిట్లో చాప మీద ఇప్పపూలు ఎండబోస్తోంది.

“ఏంది బిడ్డా, నడిచొచ్చినవా? ఇంకేమన్న అడిగేదుందా?”

“లేదు గంగక్కా. నీకొక మాట చెప్పిపోదామని,” అంది ఇరమ్. ఊపిరి తీసుకుని ఒక్క బిగిన చెప్పేసింది. “నువ్వు రెండు ఊర్లల్ల చెప్పిన సంగతి నాకు తెలిసింది. భయపడకు. నీ పేరు తీసేసిన. ఎవ్వరికీ తెల్వదు.”

పూలు పరుస్తున్న చెయ్యి ఆగింది.

“ఏ ఊర్లకెల్లి తీసినవ్?”

“రెండిట్లకెల్లి.”

గంగక్క లేచి నిలబడింది. ఆమె మెచ్చుకుంటుందనే ఇరమ్ ఎదురుచూస్తోంది.

“గింజలు వెయ్యమంటివి, వేస్తి. తెలంగాణ సర్కారు మీద ఒక్కటి, ఆంధ్ర సర్కారు మీద నాలుగు. రెండూ నిజమే చెప్పిన. అవి గూడ తీసేసినవా?”

“అవ్.”

“మరి నేను చెప్పినట్టా, చెప్పనట్టా?”

ఇరమ్ ఇంకా చేతిలోనే ఉన్న చెప్పులు కింద పెట్టింది.

“రాష్ట్రం ఇడిపోయినప్పుడు గూడ గిట్లనే జేసిండ్రు,” అంది గంగక్క. గొంతు పెంచలేదు. “అటోళ్లు నువ్వు ఇటుదానివన్నరు. ఇటోళ్లు నువ్వు అటుదానివన్నరు. రెండేండ్లు యాడా పేరు లేదు మాకు. ఆ నడుమనే మా ఆయన జరమొచ్చి పోయిండు. సచ్చిపోయినట్టు కాయితం ఇయ్యమని రెండు ఆఫీసులు తిరిగిన. పేరే లేనోడు ఎట్ల సచ్చిపోయిండని అడిగిండ్రు నన్ను.”

ఇరమ్ చాప పక్కన మట్టిలోనే కూలబడింది. తనూ అదే పని చేసింది. అదీ జాలితో, ఒక్క మీట నొక్కి, మనసులో తనను తాను మెచ్చుకుంటూ.

“నీ మంచికే గంగక్కా. కార్డో పట్టానో పోతదని...”

“పోతే కొట్లాడుకుంట. పేరుంటే కొట్లాడొచ్చు. మిగిలినోళ్లను పిలుస్త, అడుగు. వద్దన్నోళ్లను తియ్యి. నన్ను అడగకుండ నన్నెట్ల తీస్తవ్?”

టైము పదకొండున్నర. ఇరమ్ ఫోన్ తీసింది. సిగ్నలు కోసం వాకిలంతా తిరిగి, కంచె దగ్గర నిలబడితే మేడమ్ పలికింది.

“మేడమ్, నిన్నటి ఫైలు పెట్టకండి. నేను మనుషుల్ని తీసేశాను. అవి రెండు ఊళ్లు కావు, మళ్లీ రాయాలి.”

“ఇరమ్, నీకు మతి ఉందా? ఈ రోజు ఐదు దాటితే నీ రిజిస్ట్రేషన్ రద్దు!”

“తెలుసు మేడమ్.”

మేడమ్ ఫోన్ పెట్టేసింది. ఇరమ్ వెనక్కి తిరిగింది. ఇంట్లో అబ్బా మిషను ముందు కూర్చుని, మధ్యాహ్నానికల్లా ఖబురు వస్తుందని ఎదురుచూస్తుంటాడు.

“ఎవరు?” అంది గంగక్క.

“మా మేడమ్.”

“ఏమన్నది?”

“నా పేరు తీసేస్తరంట.”

గంగక్క ఆమెను ఎగాదిగా చూసింది. ఓదార్చలేదు. లోపలికి పోయి ముంతలో నీళ్లు తెచ్చి చేతికిచ్చింది. ఇరమ్ గటగటా తాగింది.

“రాయి మరి,” అంది గంగక్క. “తీసేసేలోపల రాయి.”