దిష్టిచుక్క పెట్టిన గుండె

ఏలూరులో డాక్టర్ నిత్యానందం గారి ఆస్పత్రిలో, కత్తి పెట్టేముందు రోగికి తన లోపలి బొమ్మ చూపించడం ఆనవాయితీ. ఆ బొమ్మలు వేసేది ప్రసన్నలక్ష్మి. స్కాన్ చూసి ఆమె గుండె గీస్తే, అది కాగితం మీద కొట్టుకునేది. కైకలూరు చేపల చెరువుల రైతులు దాన్ని తేరిపార చూసి, "పర్లేదండీ, బాగానే ఆడుతోంది" అని ధైర్యంగా లోపలికి వెళ్ళేవారు. బొమ్మకి ఏమైతే మనిషికీ అదే కాబట్టి, నయమయ్యాక ఇంటికి పట్టుకెళ్ళి బీరువాలో దాచుకునేవారు. ఆమె చెయ్యి బొమ్మకి ఏదైనా కలపగలదు గాని, ఉన్నదాన్ని చెరపలేదు. తీసెయ్యడం డాక్టరు గారి పని.

ఈసారి గీయాల్సింది కన్నకొడుకు బాబీ గుండె. లోపల చిన్న గడ్డ ఉంది, మర్నాడు ఆపరేషన్. కళ్ళు తుడుచుకుంటూ గీసి, రంగు ఆరడానికి ఇంట్లో మంచం మీద పెట్టి స్నానానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి అత్తగారు వెంకటనరసమ్మ బొమ్మ ముందు కూర్చుని మురిసిపోతోంది. గుండె మీద కాటుక చుక్క.

"అదేంటండీ అత్తయ్యా!"

"ఎంత ముద్దుగా కొట్టుకుంటోందో! అంతమంది కళ్ళుపడే చోటికి దిష్టిచుక్క లేకుండా ఎలా పంపుతామే? బిడ్డకి పెట్టినట్టే పెట్టాను."

చుక్క కాగితంలోకి దిగిపోయింది. పక్కగదిలో బాబీ దగ్గాడు.

సాయంత్రం డాక్టరు గారు కొత్త స్కాన్‌ని వెలుతురుకెత్తి చూశారు.

"నల్లటిదేదో రక్తంతో పాటు తిరుగుతోందమ్మా. ఒకచోట నిలవట్లేదు. మెదడుకి వెళ్ళిందంటే నా చెయ్యి దాటిపోతుంది. అది లోపలుండగా కత్తి పెట్టలేను."

ఇంటికొచ్చాక వెంకటనరసమ్మ అన్నం ముట్టలేదు. నల్లబడుతున్న మనవడి గోళ్ళని చీరచెంగుతో తుడుస్తూ కూర్చుంది. చివరికి కోడలి ఎదురుగా వచ్చి చతికిలబడింది.

"నా గుండె కూడా గియ్యి. ఆ పక్కనే. రెంటికీ మధ్య ఓ గొట్టం కలుపు."

"ఊరుకోండి అత్తయ్యా! ఆ మాట అనకండి."

"పెట్టింది నేను. నా దగ్గరికే రానీ."

తల్లి లేని ప్రసన్నలక్ష్మికి పురుడు పోసింది ఈ మనిషే. కోడలు ఏడ్చింది, బతిమాలింది. బాబీ మళ్ళీ దగ్గాడు. అప్పుడు లేచి, అత్తగారి రొమ్ము మీద అరచెయ్యి ఆనించి చూసి, బ్రష్ అందుకుంది. ముసలి గుండె కాగితం మీద నిదానంగా కొట్టుకోసాగింది. తర్వాత గొట్టం గీసింది. చుక్క ఇవతల నుంచి అవతలికి దాటింది.

బాబీ గోళ్ళు ఎర్రబడ్డాయి. ఆకలేస్తోందన్నాడు.

"వాడికి పాలు వెచ్చబెట్టు" అని వెంకటనరసమ్మ, నల్లబడుతున్న తన గోళ్ళని చెంగులో దాచుకుని, గోడవైపు తిరిగి పడుకుంది.

ప్రసన్నలక్ష్మి పాలు పొయ్యి మీద పెట్టి వచ్చి బొమ్మ వంక చూసింది. అత్తగారి గుండెకి గొట్టం కలిపిన గీత అది; ఇన్నేళ్ళలో ఇంత తిన్నని గీత ఆమెకి ఎప్పుడూ రాలేదు. ఒక్కచోటైనా చెయ్యి వణకలేదు. పాలు పొంగి పొయ్యిలో పడుతున్న వాసన వస్తున్నా, లేవలేక, తన చేతిని చూసి తనే భయపడుతూ అలాగే కూర్చుండిపోయింది.