గీతలు లేని వేలిముద్ర

నలభై రెండో బస్తా కాటా మీదికి ఎక్కింది. మరియదాసు ముక్కుకు కట్టుకున్న తువ్వాలు పైకి లాక్కుని, ఎర్రటి అంకెలు కదలకుండా నిలిచేదాకా ఆగి, చీటీ రాసి బస్తాకు గుచ్చాడు. కోల్డ్ స్టోరేజీ తలుపు తెరిచినప్పుడల్లా చలిగాలితో పాటు మిర్చి ఘాటు వచ్చి కళ్ళలో పడుతోంది. హమాలీలు తుమ్ముతున్నారు. రెండున్నరేళ్ళుగా అలవాటై అతనికి తుమ్ము రాదు. కళ్ళు మాత్రం ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. ఇప్పుడే ఏడ్చి వచ్చాడేమో అనుకుంటారు కొత్తవాళ్ళు.

పొద్దున పది దాటింది. దీపాలు పెట్టే వేళకల్లా అతను ఒక మనిషిని వెంటబెట్టుకుని నరసరావుపేటలోనే ఒక ఇంటి గుమ్మం ముందు నిలబడాలి. లేకపోతే ఆ ఇల్లు పోతుంది. ఇల్లు పోతే ఫిలోమినా రాదు.

మరియదాసుకు యాభై ఎనిమిదేళ్ళు. పొడుగు మనిషి, భుజాలు ముందుకు వంగాయి. చొక్కా వెలిసిపోయినా ఇస్త్రీ మడత చెడదు. జేబులో రెండు పెన్నులు ఉంటాయి, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. సొంత కొట్టు ఉన్న రోజుల అలవాటు అది. ఎడమ మణికట్టు మీద గడియారం పట్టీ ఆనవాలు తెల్లగా ఇంకా కనిపిస్తుంది. గడియారం పోయి చానాళ్ళయింది.

ఇరవై రెండేళ్ళు ఎరువులూ పురుగుమందుల కొట్టు నడిపాడు. రైతులకు అరువిచ్చాడు, తాను అప్పులు తెచ్చాడు. వరసగా రెండేళ్ళు మిర్చి పూతలోనే పురుగు పట్టి తోటలు దున్నేశారు. అరువు వెనక్కి రాలేదు. తీర్చలేనని, ఉన్నదంతా తీసుకోమని కోర్టులో అర్జీ పెట్టుకున్నాడు. దాన్ని ఊళ్ళో ఐపీ పెట్టడం అంటారు. కొట్టు పోయింది, ఇల్లు పోయింది. ఐపీ పెట్టినోడు అనే మాట మాత్రం మిగిలింది.

ఆ మాట దాచి రెండుసార్లు ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. రెండుసార్లూ ఎవడో అప్పులవాడు వీధిలో నిలబడి కేకలు పెట్టాడు. రెండోసారి ఇంటాయన సామాను వరండాలోకి విసిరించినప్పుడు పొయ్యి మీద ఎసరు కాగుతోంది. ఫిలోమినా పొయ్యి ఆర్పి, గిన్నెలో నీళ్ళు వాకిట్లో పారబోసి, చీరలు నాలుగు సంచీలో పెట్టుకుని గురజాలలో అక్క ఇంటికి వెళ్ళిపోయింది. ‘ఇంకెవరూ వెళ్ళిపొమ్మనని ఇల్లు దొరికితే పిలువు’ అంది. అది పద్నాలుగు నెలల కిందటి మాట.

ఈసారి దాచలేదు. వెంకాయమ్మ గారి వెనక వాటా రెండు గదులు, గుమ్మం విడిగా ఉంది, నీళ్ళ కొళాయి ఉంది. అడ్వాన్సు పదకొండు వేలు. ముందే చెప్పేశాడు, ఐపీ పెట్టానని. ఆవిడ అతని ఎర్రటి కళ్ళ వైపు తేరిపార చూసింది.

అప్పుడతను ఫోన్ తీసి, బ్యాంకులు అప్పిచ్చే ముందు చూసే సిబిల్ స్కోరు చూపించాడు. బ్యాంకులో ఒక అమ్మాయి చెప్పిన ఉపాయమది. కొంచెం సొమ్ము డిపాజిట్ చేసి, దాని మీద కార్డు తీసుకుని, చిన్న ఖర్చు చేసి వెంటనే కట్టేస్తూ ఉంటే అంకె నెమ్మదిగా పెరుగుతుందట. అతను ఆ కార్డుతో చేసే ఖర్చు ఒకటే, నెలనెలా ఫిలోమినా ఫోన్‌కు రీఛార్జి. మర్నాడే డబ్బు కట్టేస్తాడు. అంకె ఆరొందలు దాటింది.

వెంకాయమ్మ ఫోన్‌ను దూరంగా పట్టుకుని చూసి తిరిగిచ్చేసింది.

“ఈ అంకెలు నాకేం తెలుస్తయ్యయ్యా? రేపు దీపాలు పెట్టేలోగా నువ్వు ఎగ్గొట్టినోళ్ళలో ఒక్కర్ని తీసుకురా. ఈ మనిషికి ఇల్లు ఇయ్యొచ్చు అని నా ఎదురుగా అననీ. తాళం ఇస్తా.”

కోర్టు నోటీసులు వెళ్ళిన అప్పులవాళ్ళు ముప్ఫై ఏడుగురు. అందులో అలా అనగలిగిన మనిషి ఒక్కతే ఉంది. దుర్గి కృపమ్మ.

పదకొండు గంటల బస్సు కారంపూడి, దుర్గి మీదుగా మాచర్ల వెళ్ళేది. సూపర్‌వైజరును బతిమాలి ఒక పూట సెలవు తీసుకుని, కిటికీ పక్కన సీటు చూసుకుని కూర్చున్నాడు. లోపలి జేబులో అడ్వాన్సు డబ్బు, పై జేబులో ఈ నెల కృపమ్మకు ఇవ్వాల్సిన వెయ్యి ఉన్నాయి. పేతురుకు, అంటే ఆమె కొడుక్కి, పొద్దుటి నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఎప్పుడూ ఎత్తడు.

కృపమ్మ అతని తల్లికి ఇరుగింటి మనిషి. పిన్నీ అని పిలిచేవాడు. దుర్గిలో శిల్పాలు చెక్కే షెడ్లలో కూలికి పోయి, చెక్కిన రాయిని నీళ్ళు పోసి రుద్ది నునుపు పెట్టేది. నలభై ఏళ్ళు అదే పని. రాయి నున్నబడినట్టే ఆమె వేళ్ళూ నున్నబడిపోయాయి. పింఛను మిషన్ మీద బొటనవేలు పెడితే మిషన్ ఒప్పుకునేది కాదు. ‘రాయి తినేసింది నాయనా’ అని నవ్వేది. మొగుడి సమాధికి రాతి సిలువ చేయించాలని దాచుకున్న నలభై వేలు తెచ్చి అతని చేతిలో పెట్టింది. వద్దన్నా వినకుండా అతనే ప్రామిసరీ నోటు రాసిచ్చాడు.

ఐపీ కాగితాల్లో అప్పులవాళ్ళందరి పేర్లూ రాయాలన్నాడు ప్లీడరు. రాశాడు. కృపమ్మకు రిజిస్టరు పోస్టులో కోర్టు నోటీసు వెళ్ళింది. చదువు రాని మనిషి. కోర్టు కాగితం వచ్చిందంటే తన మీదే కేసనుకుంది. ప్రతి వాయిదాకూ దుర్గి నుంచి బస్సెక్కి వచ్చి, టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, కోర్టు వరండాలో పొద్దుగూకేదాకా కూర్చునేది. తన పేరు పిలుస్తారని చూసేది. ఏడు వాయిదాలు. ఎవరూ పిలవలేదు, ఎవరూ వెళ్ళమనలేదు.

మరియదాసు చూశాడు. ఏడుసార్లూ చూశాడు. అప్పులవాళ్ళతో మాట్లాడవద్దని ప్లీడరు గట్టిగా చెప్పాడు. అందుకని పక్క గుమ్మంలోంచి బయటికి వెళ్ళిపోయేవాడు. నాలుగో వాయిదా రోజు వాన పడింది. ఆమె పైట తలమీద కప్పుకుని గోడకు ఒదిగి కూర్చుంది. ఒక్క మాట, పిన్నీ, ఇది నీ మీద కేసు కాదు, ఇంటికి వెళ్ళు అంటే సరిపోయేది. అతను గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయాడు.

అన్నీ ముగిశాక, చేతికి మొదటి జీతం రాగానే దుర్గి వెళ్ళి వెయ్యి రూపాయలిచ్చాడు. చట్టప్రకారం ఆ నోటు చచ్చిపోయింది. అది అతనికి తెలుసు, ఆమెకు తెలియదు. నోటు వెనక ఎంత ముట్టిందో తేదీ వేసి రాసి సంతకం చేయడాన్ని చెల్లు వేయడం అంటారు. ఆమె ఆ నోటు తెచ్చి చెల్లు వెయ్యమంది. వేశాడు. ఆమె వేలిముద్ర అక్కర్లేదని అతనన్నా వినక, ఇద్దరి మాటా ఉండాలంటూ సంతకం పక్కన బొటనవేలు అద్దేది. అలా ముప్ఫై నెలలు గడిచాయి. ముప్ఫైసార్లు ఆమె గడప తొక్కాడు, మజ్జిగ తాగాడు, కోర్టు మాట ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు ప్రతిసారీ ఈసారి చెప్పాలనుకునేవాడు. వచ్చేటప్పుడు వచ్చే నెల చెబుదామనుకునేవాడు.

ఇవాళ చెప్పాలి. ముందు క్షమాపణ, తర్వాతే సాయం. బస్సులో మాటలు కూర్చుకున్నాడు.

దుర్గిలో దిగేసరికి ఒంటిగంట. షెడ్లలో ఉలి చప్పుళ్ళు వినిపిస్తున్నాయి. కృపమ్మ ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, తాడుతో కట్టి ఉన్నాయి. వాకిట్లో షామియానా గుంజలకు తవ్విన నాలుగు గుంటలు ఇంకా పూడలేదు.

అతను గుంటల దగ్గరే ఆగిపోయాడు.

పేతురు బయటికి వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, గడ్డం గీసుకోలేదు. పోయిన ఆదివారం అన్నాడు. ప్రార్థన నుంచి వచ్చి పడుకుందట, మళ్ళీ లేవలేదట.

“నాకు చెప్పలేదేందిరా?” అన్నాడు మరియదాసు.

“నీకెందుకు చెప్పాలి దాసన్నా?”

మరియదాసు అరుగు మీద కూలబడ్డాడు. గోడకు చేర్చి తెల్లటి రాతి సిలువ ఒకటి ఉంది. ఒక పక్క ఆమె రుద్దినంత మేర అద్దంలా మెరుస్తోంది, రెండో పక్క గరుకుగానే ఉంది.

పేతురు మంచినీళ్ళు ఇచ్చి, ఎదురుగా నిలబడి, కోపం లేని గొంతుతో చెప్పాడు.

“మొన్న శనివారం కూడా అడిగింది. నా కేసు కొట్టేశారంటావా అని. నీ మీద కేసు లేదే, అది దాసన్న కేసు అని ఎన్నిసార్లు చెప్పినా నమ్మలా. దాసు నెలనెలా వస్తన్నాడుగా, కేసు అయిపోతే చెప్పడా అనేది. అడగవే అంటే, పాపం ఇబ్బంది పడతాడులే అనేది.”

ఎండ జరిగి అరుగు మీదికి వచ్చింది. అడక్కూడదని తెలిసి కూడా, మరియదాసు ఇంటి సంగతి అడిగాడు. పేటకు వచ్చి ఒక్క మాట చెబుతావా అన్నాడు.

“మా అమ్మయితే చెప్పేది. నేను చెప్పలేను,” అన్నాడు పేతురు. “ఆమె వాన్లో తడిసి వచ్చిన రోజు జొరమొస్తే పక్కన కూర్చుంది నేను.”

మిగిలిన పదివేలు వీలున్నప్పుడు ఇవ్వమని, నోటు బైబిల్లో ఉందని అన్నాడు.

నోటు అనగానే మరియదాసు తలెత్తాడు. పాత వ్యాపారి బుర్ర ఒక్కసారిగా మేల్కొంది. మనిషి లేకపోతేనేం, నోటు ఉంది. దాని వెనక ముప్ఫై చెల్లులు, ముప్ఫై వేలిముద్రలు ఉన్నాయి. ఐపీ పెట్టి కూడా నెల తప్పకుండా కట్టినవాడికి అంతకంటే సాక్ష్యం ఏముంటుంది? వెంకాయమ్మ ముందు ఆ కాగితం పరిచితే చాలు. అయితే బాకీ తీరకుండా నోటు చేతికి రాదు. అతను పై జేబులోని వెయ్యీ, లోపలి జేబులోంచి అడ్వాన్సు డబ్బూ తీశాడు. పదివేలు లెక్కపెట్టి అరుగు మీద పెట్టాడు. ఆమెకు పడ్డ రుణం తీర్చడానికా, కాగితం కోసమా అని అడిగితే అప్పుడు చెప్పలేడు, తర్వాతా చెప్పలేడు.

పేతురు నోటు తెచ్చి చేతిలో పెట్టాడు.

ఇరవై రెండేళ్ళు కొట్టు గల్లా దగ్గర అతను చేసింది ఒకటే పని. రైతు డబ్బు కట్టేవాడు, అతను నోటు బయటికి తీసి రైతు కళ్ళెదుటే చించేవాడు. తీరిన నోటు చిరగకుండా ఉండకూడదు. అది మర్యాద. చేతులు మనసును అడగలేదు. రెండు చివర్లూ పట్టుకుని, నడిమికి చర్రున చించేశాయి.

చప్పుడు విన్నాక గానీ ఏం చేశాడో తెలియలేదు.

“తీరిపోయింది గదన్నా,” అన్నాడు పేతురు, అతని మొహం చూసి.

తీరిపోయింది అన్నాడు మరియదాసు. రెండు ముక్కలూ జేబులో పెట్టుకుని లేచాడు.

నరసరావుపేటలో దిగేసరికి వీధి దీపాలు వెలిగాయి. వెంకాయమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉంది. మనిషేడీ అంది. చనిపోయిందని చెప్పాడు. అయ్యో అంది ఆవిడ, నిజంగానే అంది. అతను ముక్కలు రెండూ తీసిచ్చాడు. ఆవిడ అద్దాలు పెట్టుకుని, ఒళ్ళో వాటిని పక్కపక్కన చేర్చి, ఒక్కో వరసా వేలితో చూసుకుంటూ దిగింది.

“రాతంతా నీదే. ఈ మచ్చలేంది?”

“వేలిముద్రలమ్మా. ఆమెవి.”

“ఒక్క గీత లేదే. వేలిముద్రకు గీతలుండొద్దా?”

రాళ్ళు నునుపు పెట్టే చెయ్యి అని చెప్పాడు. ఆవిడ ఇంకాస్త దగ్గరగా పెట్టుకుని చూసింది.

“నేను నమ్ముతా. రేపెవరన్నా వచ్చి, వీడే సిరా అద్దుకున్నాడు అంటే నేనేం చెప్పాలి? సరే, అడ్వాన్సు తెచ్చావా?”

తల అడ్డంగా ఊపాడు. దేనికి ఖర్చయిందో ఆమె ఒళ్ళో ఉన్న కాగితమే చెబుతోంది. వెంకాయమ్మ నిట్టూర్చింది. ఈ అద్దె మీదే తన మందులు నడుస్తాయని, పొద్దున డబ్బు పట్టుకుని మరొకాయన వస్తానన్నాడని చెప్పింది. ముక్కలు మడత పడకుండా జాగ్రత్తగా అందించింది. మజ్జిగ తాగుతావా అని కూడా అడిగింది. వద్దన్నాడు.

కోల్డ్ స్టోరేజీ వెనక కాపలావాళ్ళ గదుల్లో అతనికి ఒక మంచం ఇచ్చారు. దాని మీద కూర్చుని గురజాలకు ఫోన్ చేశాడు. జరిగిందంతా వరసగా చెప్పాడు, దాచలేదు. అంతా విన్నాక ఫిలోమినా ఒకటే అడిగింది.

“కోర్టు సంగతి ఆమెకు చెప్పావా, ఎప్పుడన్నా?”

“లేదు.”

అటువైపు ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. ఆమె, “ఫోన్‌లో బ్యాలెన్సు రేపటితో అయిపోద్ది,” అంది.

“పొద్దున్నే వేయిస్తా.”

సరే అని పెట్టేసింది.

అతను క్యారియరులోంచి నాలుగు అన్నం మెతుకులు తీసి, వేలితో మెదిపి, పాత క్యాలెండరు కాగితం వెనక నోటు ముక్కలు రెండూ చేర్చి అతికించాడు. ముందు వైపు ఇక కనిపించదు, వెనక వైపే పైకి ఉంది. చింపు ఎగుడుదిగుడుగా పోయింది, ఎంత సర్దినా అంచులు కలవలేదు. ముప్ఫయ్యో చెల్లు దగ్గర, అతని సంతకం పక్కన, ఊదారంగు వేలిముద్ర రెండు సగాలై, మధ్యన సన్నటి తెల్లటి సందుతో, రాయంత నున్నగా ఉంది.